మడమ కింద ట్రైబోఎలక్ట్రిక్ ప్యాడ్: తయారీ, కొలత, వాడకం

రెండు వేర్వేరు పదార్థాలు గట్టిగా తగిలి విడిపోతే ఒకదాని మీద ధన చార్జ్, రెండోదాని మీద రుణ చార్జ్ మిగిలిపోతాయి. చలికాలంలో నైలాన్ బట్టలు విప్పేటప్పుడు చిటపటలాడేది ఈ చార్జే. దీన్నే ట్రైబోఎలక్ట్రిక్ ప్రభావం అంటారు. ఆ రెండు ఉపరితలాల వెనక లోహపు పొరలు పెట్టి తీగలు లాగితే, పొరలు దగ్గరైనప్పుడు ఒక దిక్కుకు, దూరమైనప్పుడు ఇంకో దిక్కుకు కరెంటు పారుతుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం 2012లో ఈ సూత్రంతో వంగే జనరేటర్ చేసి చూపింది. అప్పటి నుంచి బూట్లు, మోకాలి పట్టీలు, ఛాతీ బెల్టులు, బట్టలు అన్నిట్లోనూ దీన్ని ఇమిడ్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

ఇక్కడ చెప్పేది బూటులో మడమ కింద పెట్టే ప్యాడ్ గురించి. చేతి పనిముట్లతో ఇంట్లోనే చేసుకోవచ్చు. అడుగుల లెక్క, నడకలో కుంటు లాంటివి పట్టుకునే సెన్సర్‌గా ఇది బాగా పనికొస్తుంది. కరెంటు పుట్టించే యంత్రంగా మాత్రం చాలా చిన్నది. ఎంత చిన్నదో లెక్కతో సహా కింద ఉంది. ఆ లెక్క ముందే తెలిస్తే దేనికి వాడాలో, దేనికి వాడకూడదో స్పష్టంగా ఉంటుంది.

ముందు లెక్క

మన ప్యాడ్‌లో లోహపు పొర 4 సెం.మీ. × 6 సెం.మీ., అంటే 24 చదరపు సెంటీమీటర్లు. చేత్తో చేసిన ప్యాడ్‌లో చదరపు మీటరుకు 20 మైక్రోకూలంబ్‌ల చార్జ్ నిలబడిందనుకుందాం. అయాన్ గన్‌తో చార్జ్ ఎక్కించిన ఫిల్ములతో ప్రయోగశాలల్లో 240 దాకా సాధించారు కాబట్టి, 20 అత్యాశేమీ కాదు. ఈ లెక్కన ఒక్కసారి నొక్కితే దాదాపు 50 నానోకూలంబ్‌లు ఒక దిక్కుకు పారతాయి, వదిలితే అంతే తిరిగి వస్తాయి. బ్రిడ్జ్ రెక్టిఫయర్ (రెండు దిక్కుల కరెంటునూ ఒకే దిక్కుకు మళ్లించే నాలుగు డయోడ్‌ల అమరిక) పెడితే అడుగుకు 100 నానోకూలంబ్‌లు. ఒక కాలు సుమారు సెకనుకు ఒక అడుగు వేస్తుంది కాబట్టి, మనకు దొరికే సగటు కరెంటు 100 నానోఆంపియర్లు. ఈ ఒక్క అంకెను గుర్తుపెట్టుకోండి. ఏ డయోడ్ కొనాలి, ఏ కెపాసిటర్ కొనాలి, ఏ చిప్ పనికిరాదు అన్నీ ఇదే తేలుస్తుంది.

వోల్టేజి సంగతి వేరు. పొరల మధ్య 3 మి.మీ. ఎడం ఉంటే సూత్రం ప్రకారం 6,800 వోల్ట్‌లు రావాలి. తీగల కెపాసిటెన్స్, గాలిలో చిన్న చిన్న డిశ్చార్జ్‌లు దాన్ని కొన్ని వందల వోల్ట్‌లకు దించేస్తాయి. 'మా పరికరం 400 వోల్ట్‌లు ఇచ్చింది' అనే వీడియోలు చాలా కనిపిస్తాయి. అది నిజమే కావచ్చు, కానీ దాన్ని బట్టి ప్యాడ్ మంచిదో కాదో చెప్పలేం. ఒక్కో నొక్కుడికి ఎన్ని నానోకూలంబ్‌లు పారాయన్నదే అసలు కొలత.

కావలసినవి

రుణ చార్జ్ పట్టే పొరకు 50 మైక్రాన్ల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఫిల్మ్ తీసుకోండి. ఒక వైపు జిగురు ఉన్నదే కావాలి, ఎందుకంటే టెఫ్లాన్‌కు మామూలు జిగుర్లేవీ అంటవు. అది దొరక్కపోతే టెఫ్లాన్ జాతిదే అయిన ఎఫ్ఈపీ ఫిల్మ్. అదీ లేకపోతే మొబైల్ రిపేరు షాపుల్లో వాడే కాప్టన్ టేప్. కాప్టన్ రుణ చార్జ్ పట్టడంలో టెఫ్లాన్ కన్నా వెనకబడినా మొదటి ప్రయత్నానికి చాలు. కుళాయిలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేప్ మాత్రం వద్దు. దానికి జిగురుండదు, సాగిపోతుంది, ముడతలు పడి లోహానికి సరిగా అతుక్కోదు. ప్యాకింగ్ సీలింగ్ మిషన్లకు వేసే గోధుమరంగు టెఫ్లాన్ గుడ్డ టేప్ నడుస్తుంది గానీ, మందం ఎక్కువ, పైన నేత గరుకు ఉంటుంది. దాంతో ఫలితం తగ్గుతుంది.

ధన చార్జ్ వైపుకు వెండి పూత ఉన్న నైలాన్ గుడ్డ, అంటే కరెంటు పారే కండక్టివ్ ఫాబ్రిక్ మేలు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తోనూ మొదలుపెట్టొచ్చు. కానీ అది బూటులో ఎక్కువ రోజులు మన్నదు. మడతల దగ్గర సన్నగా చీలి, ఒక్కో ముక్కా విడిపోతుంది.

కింది ఎలక్ట్రోడ్‌కు 4 సెం.మీ. లేదా అంతకన్నా వెడల్పున్న రాగి టేప్. పై, కింది పలకలకు జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగుకు వాడే పారదర్శక షీట్లు రెండు. మెత్తటి పల్చని ఫోమ్ 2 మి.మీ. మందంది, 5 మి.మీ. మందమున్న సిలికాన్ స్పాంజ్ పట్టీ, సన్నని షీల్డెడ్ తీగ అర మీటరు, డబుల్ సైడ్ టేప్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మందపాటి పాలిథీన్ కవరు, చిన్న సిలికాజెల్ ప్యాకెట్. ఎలక్ట్రానిక్స్ భాగాలు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. ఫిల్మ్, కండక్టివ్ గుడ్డ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు.

ప్యాడ్ కట్టడం

స్పైరల్ షీట్లు రెండూ 6 × 9 సెం.మీ. కొలతకు కత్తిరించండి. పెద్దవాళ్ల బూటు మడమ వెడల్పు ఇంచుమించు అంతే ఉంటుంది. మీ బూటులోని ఇన్సోల్ బయటికి తీసి దాని మీద పెట్టి చూసుకోండి, కావాలంటే అంచులు గుండ్రంగా తగ్గించండి.

కింది షీటు మధ్యలో రాగి టేప్ 4 × 6 సెం.మీ. ముక్క అంటించండి. ఒక పక్క నుంచి 1 సెం.మీ. వెడల్పు నాలుక బయటికి వదలండి, తీగ అతికేది అక్కడే. టేప్‌ను ఒక కొస నుంచి మొదలుపెట్టి పాత ఏటీఎం కార్డు అంచుతో నెట్టుకుంటూ అంటిస్తే బుడగలు రావు. నాలుగు మూలలనూ 3, 4 మి.మీ. గుండ్రంగా కత్తిరించడం మరవొద్దు. మొనదేరిన మూల దగ్గర విద్యుత్ క్షేత్రం తీవ్రమై చార్జ్ గాలిలోకి కారిపోతుంది. రాగి టేప్ రెండు ముక్కలు కలపాల్సి వస్తే జిగురును నమ్మకండి. చాలా టేపుల జిగురు కరెంటును పారనివ్వదు. అతుకు మీద సోల్డర్ చుక్క పెట్టండి.

ఇప్పుడు పీటీఎఫ్ఈ ఫిల్మ్ 5 × 7 సెం.మీ. ముక్కను రాగి మీద అంటించండి. నాలుగు వైపులా 5 మి.మీ. చొప్పున ఫిల్మ్ బయటికి రావాలి. ఈ అంచు లేకపోతే పై గుడ్డ నుంచి రాగికి పక్క నుంచే నిప్పురవ్వ దూకుతుంది, కట్టిన పనంతా వృథా. అంటించేటప్పుడు ఫిల్మ్ పై వైపు వేళ్లు తగలకూడదు. చేతి జిడ్డు, చెమట ఉప్పు కలిసి అక్కడ సన్నని వాహక పొర ఏర్పడుతుంది. అంటించాక ఆల్కహాల్‌లో తడిపిన నూలు రాని గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి.

పై షీటు లోపలి వైపు మధ్యలో 2 మి.మీ. ఫోమ్ 4 × 6 సెం.మీ. ముక్క, దాని మీద అదే కొలతకు కండక్టివ్ గుడ్డ. దీనికీ ఒక నాలుక వదలండి, కానీ కింది నాలుకకు ఎదురు పక్కన రావాలి. రెండు నాలుకలు ఒకే చోట ఉంటే నొక్కినప్పుడు తగులుకుంటాయి. గుడ్డ అంచు దారాలు ఊడి వేలాడకుండా కత్తిరించేయండి. ఒక్క వెండి దారం కిందికి జారి రాగిని తాకినా ప్యాడ్ షార్ట్ అవుతుంది.

ఈ ఫోమ్ పొర చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్యాడ్ ప్రాణం దానిలోనే ఉంది. రెండు గట్టి పలకలు ఒకదానిమీదొకటి వాలితే అవి నిజంగా తాకేది అక్కడక్కడా కొన్ని బిందువుల దగ్గరే, మిగతాదంతా గాలి. వెనక మెత్తదనం ఉంటే గుడ్డ ఫిల్మ్‌లోని ఎగుడుదిగుళ్లకు ఒదుగుతుంది, తాకే వైశాల్యం పెరుగుతుంది, చార్జ్ పెరుగుతుంది. ఫిల్మ్‌ను ఉప్పుకాగితంతో గీకడం కన్నా ఇది ఎంతో ఎక్కువ మేలు చేస్తుంది.

చివరగా స్పేసర్లు. సిలికాన్ స్పాంజ్‌ను 8 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, కింది షీటు ముందు కొసన ఒకటి, వెనక కొసన ఒకటి అంటించి, పైన రెండో షీటు అతికించండి. స్పాంజ్ 5 మి.మీ., ఫోమ్ 2 మి.మీ. కాబట్టి మధ్యలో సుమారు 3 మి.మీ. గాలి ఎడం మిగులుతుంది.

స్పాంజ్ గట్టిదనం సరిపోయిందో లేదో చూడటానికి సులభమైన పరీక్ష ఉంది. రెండు లీటర్ల నీళ్ల సీసా ప్యాడ్ మీద నిలబెట్టండి. పక్క నుంచి చూస్తే ఎడం ఇంకా కనిపించాలి. తర్వాత దాని మీద మడమతో నిలబడండి, పూర్తిగా మూసుకోవాలి. సీసా బరువుకే మూసుకుంటే, లేసు బిగించిన బూటులో కాలు ఎత్తినా అది తెరుచుకోదు, ఎందుకంటే గాలిలో ఉన్నప్పుడు కూడా మడమ ఇన్సోల్‌ను కొంత నొక్కుతూనే ఉంటుంది. నొక్కడం అందరూ పరీక్షిస్తారు. తెరుచుకోవడాన్ని పరీక్షించేవాళ్లు తక్కువ. బల్ల మీద చక్కగా పనిచేసి బూటులో చతికిలపడే ప్యాడ్‌లలో చాలావాటికి జబ్బు ఇదే. మామూలు సోఫా స్పాంజ్ వాడితే కొద్ది రోజులకే అణిగిపోయి మళ్లీ లేవదు, అందుకే సిలికాన్ అన్నది.

తేమ నుంచి కాపాడటం

గాలిలో తేమ 60, 70 శాతం దాటితే ఫిల్మ్ మీద కంటికి కనపడని నీటి పొర చేరి, పుట్టిన చార్జ్ పుట్టినట్టే పక్కకు పాకిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఏడాదిలో చాలా భాగం ఇదే పరిస్థితి. పైగా బూటు లోపల పాదం చెమట. కాబట్టి సీల్ చేయని ప్యాడ్ అరగంట నడకకే నీరసించిపోవడం ఆశ్చర్యం కాదు.

ప్యాడ్‌ను పొడి గదిలో, ఏసీ ఉంటే ఏసీ వేసి, పాలిథీన్ కవరులో పెట్టి అంచులు సీల్ చేయండి. అయితే కవరు ప్యాడ్‌కు సరిగ్గా సరిపోయేంత ఉండకూడదు. లోపలి గాలికి వెళ్లే చోటు లేకపోతే నొక్కినప్పుడు ఆ గాలే దిండులా అడ్డుపడి పొరలను తాకనివ్వదు. కవరును పాదం వంపు కింది దాకా మరో 5 సెం.మీ. పొడవుగా వదలండి. నొక్కినప్పుడు గాలి అటు వెళ్లి, వదిలినప్పుడు తిరిగి వస్తుంది. సిలికాజెల్ ప్యాకెట్‌ను కూడా ఆ ఖాళీలోనే పెట్టండి, బరువు పడే చోట కాదు. తీగ బయటికి వచ్చే దగ్గర సీల్ లీక్ అవుతుంది కాబట్టి అక్కడ న్యూట్రల్ క్యూర్ సిలికాన్ సీలెంట్ పూయండి. వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది.

మూడు పరీక్షలు

మొదట చార్జ్ జోలికి వెళ్లకుండా కెపాసిటెన్స్ చూడండి. రెండు తీగలనూ కాసేపు కలిపి ఉంచి డిశ్చార్జ్ చేయండి, తర్వాత మల్టీమీటర్‌ను నానోఫారడ్ రేంజిలో పెట్టి కొలవండి. తెరిచి ఉన్నప్పుడు తీగలతో కలిపి కొన్ని పదుల పికోఫారడ్‌లు చూపాలి. మడమతో తొక్కినప్పుడు అది పైకి లేవాలి. 50 మైక్రాన్ల పీటీఎఫ్ఈకి మన వైశాల్యంలో సిద్ధాంతపు గరిష్ఠం సుమారు 880 పికోఫారడ్‌లు. నేసిన గుడ్డ కాబట్టి 300, 500 వచ్చినా బాగున్నట్టే. తొక్కినా 100 దగ్గరే ఆగిపోతే, పొరల మధ్య సగటున 0.2 మి.మీ. గాలి మిగిలే ఉందని అర్థం. అప్పుడు ముడతలు, దుమ్ము, లోపల ఇరుక్కున్న గాలి వెతకండి. అంకె ఎటూ నిలవకుండా గెంతుతుంటే ఎలక్ట్రోడ్ పగిలింది లేదా నాలుక అతుకు వదులైంది.

రెండోది ఎల్ఈడీ పరీక్ష. నాలుగు 1ఎన్4007 డయోడ్‌లతో బ్రిడ్జ్ కట్టి, దాని కొసలకు 20 ఎర్ర ఎల్ఈడీలను వరసగా కలపండి. చీకట్లో ప్యాడ్‌ను చేత్తో తట్టితే అన్నీ ఒక్కసారి మినుక్కుమనాలి. కొత్త ప్యాడ్‌తో మొదటి కొన్ని పదుల తట్లలో వెలుగు పెరుగుతూ పోవడం సహజం, చార్జ్ పోగవుతున్న కొద్దీ అలా జరుగుతుంది.

మూడోదే అసలు కొలత. బ్రిడ్జ్ అవుట్‌పుట్‌కు 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టి 20 సార్లు తొక్కండి. వెంటనే మీటరు తగిలించి మొదటి సెకనులో చూపిన అంకె రాసుకోండి. 2 వోల్ట్‌లు వస్తే 2 మైక్రోకూలంబ్‌లు పోగైనట్టు. 20తో భాగిస్తే అడుగుకు 100 నానోకూలంబ్‌లు. ఆలస్యం చేస్తే మీటరులోని 10 మెగాఓమ్‌ల గుండా పది సెకన్లలో మూడింట రెండు వంతులు పోతుంది కాబట్టి మొదటి అంకే తీసుకోవాలి.

ఆసిలోస్కోప్ ఉంటే వాడండి, కానీ అది చూపేది ఏమిటో తెలుసుకుని వాడండి. పది రెట్ల ప్రోబ్ నిరోధం 10 మెగాఓమ్‌లు. 50 నానోకూలంబ్‌లు 50 మిల్లీసెకన్లలో పారితే సగటున 1 మైక్రోఆంపియర్, అంటే తెర మీద 10 వోల్ట్‌లు. అదే ప్యాడ్‌ను రెండు రెట్ల వేగంతో కొడితే 20 కనిపిస్తుంది. ప్యాడ్ మారలేదు, చార్జ్ మారలేదు, మీ చేతి వేగం మారిందంతే. వేర్వేరు ప్యాడ్‌లను వోల్టేజి ఎత్తు చూసి పోల్చొద్దనడానికి కారణం ఇదే.

కరెంటు దాచుకోవాలంటే

100 నానోఆంపియర్ల రాబడి ఉన్నప్పుడు కారిపోయే భాగాలు పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లీకేజీ డేటాషీట్‌లోనే కొన్ని మైక్రోఆంపియర్లు ఉంటుంది. మనకొచ్చేదాని కన్నా అది పదుల రెట్లు. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ ఫిల్మ్ కెపాసిటర్లే వాడండి. డయోడ్‌లలో షాట్కీ రకానికి వోల్టేజి డ్రాప్ తక్కువని చాలామంది దాన్నే ఎంచుకుంటారు. ఇక్కడ అది తప్పు. పుట్టే వోల్టేజి వందల్లో ఉన్నప్పుడు అర వోల్ట్ డ్రాప్ లెక్కలోకి రాదు, కానీ షాట్కీ వెనక్కి వదిలే మైక్రోఆంపియర్ల లీకేజీ రాబడినంతా మింగేస్తుంది. ఎల్ఈడీ పరీక్షకు 1ఎన్4007 చాలు. కెపాసిటర్ నింపేటప్పుడు 1ఎన్4148, ఇంకా మంచిదంటే లీకేజీ బాగా తక్కువుండే బీఏవీ199. ఈ చిన్న డయోడ్‌ల పరిమితి 75 వోల్ట్‌ల దగ్గర ఉంటుంది. అవుట్‌పుట్‌కు కెపాసిటర్ తగిలించి ఉన్నంతసేపు డయోడ్ మీద పడే వోల్టేజి కెపాసిటర్ వోల్టేజిని మించదు కాబట్టి ఇబ్బంది లేదు. కెపాసిటర్ తీసేసి తట్టకండి.

కెపాసిటర్ ఎంత ఉండాలన్నది మరింత ముఖ్యం. 10 మైక్రోఫారడ్‌లను 3 వోల్ట్‌లకు నింపడానికి 300 అడుగులు, అంటే ఐదు నిమిషాలు పడుతుంది. దానిలో దాగేది 45 మైక్రోజౌల్స్. అదే 300 అడుగులతో 1 మైక్రోఫారడ్‌ను నింపితే 30 వోల్ట్‌లకు ఎక్కుతుంది, శక్తి 450 మైక్రోజౌల్స్. అదే నడక, అదే చార్జ్, పది రెట్ల శక్తి. ఈ ప్యాడ్‌కు ఎక్కువ వోల్టేజి దగ్గర పనిచేయడమే నచ్చుతుంది. నిండాక ఒక పుష్ బటన్‌తో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, ఎల్ఈడీల గుండా వదిలి చూడండి, తేడా కళ్లకు తెలుస్తుంది.

30 వోల్ట్‌లను 3.3కి దించడానికి ఎనర్జీ హార్వెస్టింగ్ చిప్ పెడదామని అందరికీ అనిపిస్తుంది. ఎల్‌టీసీ3588-1 ఆ కోవలో పేరున్నది. కానీ అది ఇంకా మేలుకోకముందే 450 నానోఆంపియర్లు తాగుతుంది, ఇన్‌పుట్‌ను 20 వోల్ట్‌ల దగ్గర ఆపేస్తుంది. మన రాబడి 100. కాబట్టి ఒక్క ప్యాడ్‌తో ఆ చిప్ ఎప్పటికీ లేవదు. కనీసం పది రెట్ల చార్జ్ కావాలి. కాప్టన్ షీటును విసనకర్రలా మడతలు పెట్టి ఐదారు పొరలు ఒకేసారి తాకేలా చేయడం, రెండు కాళ్లకూ పెట్టడం లాంటివి అవసరం.

ఇక మొబైల్ చార్జింగ్ మాట. 5,000 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు 69 కిలోజౌల్స్ ఉంటాయి. అడుగుకు 1.5 మైక్రోజౌల్ చొప్పున అది నిండాలంటే 4,600 కోట్ల అడుగులు వేయాలి. సీఆర్2032 బటన్ సెల్‌లో ఉండే శక్తి కూడా రోజుకు పది వేల అడుగుల లెక్కన లక్షన్నర రోజుల రాబడికి పైనే. అందుకే మా సలహా ఒకటే: శక్తి బటన్ సెల్ నుంచి తీసుకోండి, ప్యాడ్‌ను సెన్సర్‌గా వాడండి. ప్యాడ్ తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తుంది కాబట్టి దానికి సరఫరా అక్కర్లేదు, నిద్రపోతున్న మైక్రోకంట్రోలర్‌ను (ప్రోగ్రాము నడిపే చిన్న చిప్‌ను) అడుగు పడ్డప్పుడే లేపొచ్చు. బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

సెన్సర్ సర్క్యూట్

ప్యాడ్‌ను నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్‌కు కలపకండి. వందల వోల్ట్‌ల దెబ్బకు పిన్ పోతుంది. పోకపోయినా, ప్యాడ్ నిరోధం చాలా ఎక్కువ కాబట్టి ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) సరిగా చదవలేదు. మధ్యలో చార్జ్ ఆంప్లిఫయర్, అంటే చార్జ్‌ను వోల్టేజిగా మార్చే సర్క్యూట్ కావాలి.

ఎంసీపీ6002 ఆప్-ఆంప్ (ఆంప్లిఫయర్ చిప్) చవక, 3.3 వోల్ట్‌లతో నడుస్తుంది, దాని ఇన్‌పుట్ తీసుకునే కరెంటు ఒక పికోఆంపియర్ స్థాయిలోనే ఉంటుంది. రెండు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో 1.65 వోల్ట్‌ల మధ్య బిందువు చేసి ప్లస్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి, దానికి 1 మైక్రోఫారడ్ కూడా తోడు పెట్టండి. మైనస్ ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు 68 నానోఫారడ్‌ల ఫిల్మ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 22 మెగాఓమ్‌ల రెసిస్టర్. ప్యాడ్ రాగి తీగను 100 కిలోఓమ్‌ల గుండా మైనస్ ఇన్‌పుట్‌కు కలపండి. ఆ పిన్ దగ్గరే బీఏవీ199తో పైకి 3.3 వోల్ట్‌లకు, కిందికి గ్రౌండ్‌కు రక్షణ కల్పించండి. పై గుడ్డను గ్రౌండ్‌కు కలపండి.

50 నానోకూలంబ్‌లకు అవుట్‌పుట్ 0.74 వోల్ట్ కదులుతుంది. అంటే 0.91 నుంచి 2.39 మధ్య ఆడుతుంది. ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్‌లో ఏడీసీ రెండు కొసల దగ్గర తప్పు చదువుతుంది, ఈ శ్రేణి అక్కడిదాకా వెళ్లదు. మీ ప్యాడ్ ఎక్కువ చార్జ్ ఇస్తూ అవుట్‌పుట్ కొసలకు కొట్టుకుంటుంటే కెపాసిటర్‌ను 100 నానోఫారడ్‌లకు పెంచండి.

బోర్డు మీద మైనస్ ఇన్‌పుట్ చుట్టూ సోల్డరింగ్ ఫ్లక్స్ మిగిలితే, వానాకాలంలో దాని గుండా పారే లీకేజీకి అవుట్‌పుట్ మెల్లగా ఒక పక్కకు జారుతుంది. సోల్డర్ చేశాక ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి.

షీల్డింగ్ విషయంలో ఒక తేడా ఉంది. నడిచే మనిషి ఒంటికే వందల, వేల వోల్ట్‌ల చార్జ్ ఎక్కుతుంటుంది. దాన్ని ప్యాడ్ పట్టుకోకుండా కింది షీటు అడుగున మరో రాగి టేప్ వేసి గ్రౌండ్‌కు కలపాలి. ఇది సెన్సర్‌గా వాడేటప్పుడు మాత్రమే. ఆ షీల్డ్ 300 పికోఫారడ్‌ల దాకా అదనపు కెపాసిటెన్స్ చేరుస్తుంది. చార్జ్ ఆంప్లిఫయర్‌కు అది అడ్డు కాదు గానీ, కరెంటు దాచుకునే ప్యాడ్‌కు వోల్టేజిని పడగొట్టేస్తుంది. రెండు పనులకూ ఒకే ప్యాడ్ వాడాలనుకునేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

తీగ కూడా ఊరుకోదు. వంగినప్పుడు దాని లోపలి ప్లాస్టిక్, షీల్డ్ రుద్దుకుని అదే చిన్న ట్రైబోఎలక్ట్రిక్ జనరేటర్ అవుతుంది. కాలు ఊగినప్పుడల్లా దొంగ అడుగులు లెక్కపడతాయి. సర్క్యూట్‌ను బూటు పక్కనే కట్టి తీగను 15 సెం.మీ.కు మించనివ్వకండి, దాన్ని టేప్‌తో బూటుకు అదిమి అంటించండి.

ప్రోగ్రాములో సెకనుకు 1,000 సార్లు చదివి, ప్రతి 20 అంకెల సగటు తీసుకోండి. 20 మిల్లీసెకన్లంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో సరిగ్గా ఒక ఆవృత్తి కాబట్టి ఇంటి వైరింగ్ గోల ఆ సగటులోనే కొట్టుకుపోతుంది. అవుట్‌పుట్ నిలకడ స్థాయి నుంచి 0.25 వోల్ట్ ఒక పక్కకు కదిలితే మడమ పడినట్టు, ఎదురు పక్కకు కదిలితే లేచినట్టు. మడమ పడ్డాక 300 మిల్లీసెకన్ల దాకా ఇంకో మడమ పాటును లెక్కించకండి. మడమ లేచిన సిగ్నల్‌ను మాత్రం ఆపకూడదు.

ఈ సెన్సర్‌ను కాలం విషయంలో నమ్మండి, ఎత్తు విషయంలో నమ్మకండి. మడమ ఎప్పుడు పడింది, ఎంతసేపు నేల మీద ఉంది, కుడి ఎడమల మధ్య తేడా ఎంత అన్నవి బాగా చెబుతుంది. సిగ్నల్ ఎత్తు చూసి బరువు చెప్పబోతే మాత్రం ఉదయం ఒక మాట, సాయంత్రం తేమ పెరిగాక ఇంకో మాట చెబుతుంది. కదలకుండా నిలబడితే 68 నానోఫారడ్, 22 మెగాఓమ్ జంట సెకనున్నరలో సిగ్నల్‌ను నిలకడకు లాగేస్తుంది కాబట్టి, నిలబడి ఉన్నారో కూర్చున్నారో ఇది తేల్చలేదు. ఆ పనికి ఒత్తిడిని బట్టి నిరోధం మారే సెన్సర్ వేరే పెట్టుకోవాలి.

మోకాలికీ ఛాతీకీ మార్చేటప్పుడు

మోకాలి పట్టీలో గట్టి షీట్లు పనికిరావు. సాగే కండక్టివ్ గుడ్డ మీద మెత్తటి ప్లాటినం క్యూర్ సిలికాన్, ఉదాహరణకు ఎకోఫ్లెక్స్ 00-30, అర మిల్లీమీటరు మందాన పోయండి. ఏ, బీ భాగాలు సమానంగా కలిపితే గది వేడిలో నాలుగు గంటల్లో గట్టిపడుతుంది. లేటెక్స్ గ్లౌజులు వేసుకుని కలపకండి. వాటిలోని గంధకం తగిలినచోట సిలికాన్ ఎన్నాళ్లైనా జిగటగానే ఉండిపోతుంది. నైట్రైల్ గ్లౌజులు వాడండి. విగ్రహాల అచ్చులకు వాడే తగరం క్యూర్ సిలికాన్ చవకగా దొరుకుతుంది గానీ ఒంటికి తగిలే చోట వద్దు.

ఛాతీ బెల్టుతో ఊపిరి లెక్కించాలంటే సర్క్యూట్‌లో ఒక్క మార్పు చాలు. నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలంటే 0.2, 0.3 హెర్ట్జ్. మన ఆంప్లిఫయర్ 0.1 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలవుతుంది, దాంతో సిగ్నల్ ఆకారం వంకరపోతుంది. 22 మెగాఓమ్‌ల రెసిస్టర్లను ఐదు వరసగా కలిపి 110 చేయండి. అప్పుడు కుదుటపడటానికి స్విచ్ వేశాక అర నిమిషం పైన పడుతుంది, ఆ సమయంలో వచ్చే అంకెలను వదిలేయండి.

బట్టలోనే ఎలక్ట్రోడ్ కుట్టి ఉతికే రకం చేస్తుంటే, ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి. బట్టను మెత్తబరచడంతో పాటు దాని మీద చార్జ్ నిలవకుండా చేయడం కూడా దాని పనే. అది ఒకసారి పట్టిందంటే సాదా నీళ్లతో రెండు మూడు సార్లు జాడించి, ఎండలో బాగా ఆరబెట్టి, మళ్లీ 1 మైక్రోఫారడ్ పరీక్ష చేసి అంకె పాత స్థాయికి వచ్చిందో లేదో చూసుకోండి.